సారు వాక్యంలో రెండో సగం

సారు పోయారని కబురు వచ్చినప్పుడు నేను కాంటా దగ్గర ఆలూరు రైతుతో తగువులో ఉన్నాను. అతను తెచ్చిన పసుపులో తడి ఉందని నేను, లేదని అతను. బస్తాలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచి, "చప్పుడే లేదు పటేలా, ఇంకా నాలుగు దినాలు ఎండాలె" అన్నాను. చప్పుడు వచ్చింది. బాగా ఎండిన కొమ్ములాగే టప్పుమని వచ్చింది. నా చెవికే వచ్చింది కాబట్టి రాలేదని చెప్పే వీలు నాకుంది. అంతలో ఫోన్ మోగింది. విని, పెట్టేసి, "సరే, నువ్వన్నదే కానియ్" అన్నాను.

రైతు సంతోషించలేదు, భయపడ్డాడు. "సేటూ, పానం మంచిగున్నదా?" అని అడిగాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆయన పేరు అచ్చు వేయించి నేను చేసిన నిర్వాకం చాలు. ఆర్మూరులో నా వయసువాళ్లకు పేరు అక్కర్లేదు కూడా. 'సంస్కృతం సారు' అంటే ఒక్కరే. హైస్కూల్లో మాకు తొమ్మిదో తరగతిలో చెప్పారు. రిటైరయ్యాక వారానికి రెండు మూడుసార్లు సాయంత్రం పూట మా దుకాణం ముందు బల్ల మీద కూర్చునేవారు. చంకలో గుడ్డసంచి, అందులో ఎప్పుడూ ఒక పుస్తకం. ఆ పుస్తకం తీయాలంటే ముందు చెప్పులు విప్పేవారు. దుకాణం ముందు నేల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బెల్లం నీళ్లు, ఎద్దుల పేడ, పాన్ ఉమ్ములు. అయినా విప్పేవారు. పుస్తకం మూసి సంచిలో పెట్టాకే మళ్లీ తొడుక్కునేవారు. మధ్యలో ఎవరైనా ధర అడిగి ఆయన్ను పలకరిస్తే, వేలు పుటలో ఉంచి, వట్టి పాదాలతోనే సమాధానం చెప్పేవారు.

పుస్తకం నిండా బస్సు టిక్కెట్లు ఉండేవి. భీమ్‌గల్‌కో నిజామాబాద్‌కో వెళ్లి వచ్చిన ప్రతి టిక్కెట్టు వెనకా చీమల్లాంటి అక్షరాలు. ఏ మాట ఎక్కడుంది, ఎన్నోసారి వచ్చింది, అక్కడ దాని అర్థం ఏమిటి. "కండక్టర్ నాకు కాగితం ఫ్రీగ ఇస్తుండురా" అని నవ్వేవారు.

ఏదైనా గట్టిగా ఆలోచించేటప్పుడు రెండు పిడికిళ్లూ బిగించి ఛాతీ ముందు పెట్టుకుని, కొంచెం వెనక్కి లాగేవారు. బండి తోలేవాడు పగ్గాలు బిగించినట్టు. మేము పిల్లలప్పుడు ఆయన వెనక నిలబడి అట్లాగే చేసి నవ్వుకునేవాళ్లం. అది ఎక్కడి నుంచి వచ్చిందో నలభై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు.

ఇంకొకటి. ఆయన బేరం ఆడరు. నేను చెప్పిన ధర ఇచ్చి వెళ్లిపోతారు. మా దుకాణదారులకు ఇంతకన్నా ఇబ్బంది లేదు. బేరం ఆడేవాడికి ఎంత చెప్పాలో మాకు తెలుసు, ఎందుకంటే ఎంతకు దిగుతామో ముందే తెలుసు. ఆడనివాడికి చెప్పేటప్పుడు మొదటిసారే సరైన ధర చెప్పాలి. రోజు మొత్తంలో నేను ఒక్క మనిషికే అట్లా చెప్పేవాణ్ణి. దానికి ఆయన మీద నాకు కొంచెం కోపంగా కూడా ఉండేది.

ఆయనకో మాట ఉండేది. "ఉన్నంతే." మునులు వెయ్యేళ్లు బతికారట గదా సారూ అని ఎవరైనా అంటే, "రాసి ఉంది. ఉన్నంతే. నేనైతే చూడలే" అనేవారు. దేన్నీ కొట్టిపారేయరు, దేన్నీ పెంచరు. నేను తూకంలో బతికేవాణ్ణి. ముల్లు నిటారుగా నిలబడటమంటే ఏమిటో ఆయన నోట వినేవాణ్ణి. విని నవ్వుకునేవాణ్ణి, అది వేరే సంగతి.

మా దుకాణం పై అంతస్తు ఒకప్పుడు పసుపు గోదాము. సరుకంతా నేరుగా నిజామాబాద్ యార్డుకు పోవడం మొదలయ్యాక ఖాళీ పడింది. ఖాళీ జాగా చూస్తే నాకు నిద్ర పట్టదు. దుబాయ్‌లో డ్రైవరుగా చేసి, అక్కడే ఏదో క్లబ్బులో యోగా నేర్చుకుని తిరిగొచ్చిన ఒకతను కనపడితే, పైన యోగా క్లాసు పెట్టించాను. ముప్పై ఏళ్ల పసుపు ఆ నేల గచ్చులోకి ఇంకిపోయి ఉంది. ఎన్నిసార్లు కడిగించినా, చాపలు పరిచినా, పడుకున్న ప్రతివాడూ పచ్చటి వీపుతో కిందికి దిగేవాడు. మొదటిరోజు సారు బల్ల మీద కూర్చుని వాళ్లను చూసి, "ఏందిరా ఇది, అందరు పెండ్లికొడుకులయి దిగుతున్నరు?" అన్నారు. బజారంతా నవ్వింది. క్లాసుకు ఆ పేరే స్థిరపడింది, 'పెండ్లికొడుకుల క్లాసు' అని.

నేను ఆ నవ్వులోంచి వ్యాపారం తీశాను. యోగా, పసుపు రెండూ కలిపి ప్యాకెట్టు వేస్తే? 'యోగ పసుపు'. ముందుపక్క తలకిందులుగా నిలబడ్డ మనిషి బొమ్మ, వెనకపక్క నాలుగు మంచి మాటలు. ఆ మాటలకు సారు ఉండనే ఉన్నారు.

"సారూ, యోగా అయిదు వేల ఏండ్లదట గదా?" అని అడిగాను.

"ఎవరన్నరు?"

"అందరంటున్నరు సారూ."

"అందరికి ఎవరు చెప్పిన్రు?"

నేను బేరంలోకి దిగాను. "సరే, అయిదు వద్దు. మూడున్నర అందామా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇదేమన్న కొమ్ముల బేరమనుకున్నవురా?"

మా నాయన కాలంలో పసుపు బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి, పైన రుమాలు కప్పి, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు. పక్కవాడికి తెలియదు. అమ్మడం ఇష్టం లేకపోతే లోపలే పిడికిలి బిగిస్తాడు, అంతే, రుమాలు తీసేస్తారు. నాకు ఆ సరదా ఎక్కువ. భుజం మీది తువాలు తీసి సారు చేతి మీద కప్పి, లోపల అయిదు వేళ్లూ నొక్కాను. నవ్వుతూనే ఉన్నారు గానీ, తువాలు కింద ఆయన చెయ్యి మెల్లగా ముడుచుకుంది. చిన్న చెయ్యి, గట్టి పిడికిలి.

"నా దగ్గర ఏండ్ల లెక్క లేదురా. మాట ఉంది. మాట కావాల్నంటే చెప్త."

చెప్పులు విప్పారు. పుస్తకం బయటికి వచ్చింది, టిక్కెట్లు కొన్ని రాలాయి, ఏరుకున్నారు.

"ఎడ్ల మెడ మీద పెట్టేది ఏందిరా?"

"కాడి."

"గదే. యోగమంటే మొదట గదే. వేదంల ఆ మాట వస్తది, మస్తు సార్లు వస్తది. రథానికి గుర్రాలను కట్టుడు, బండికి ఎడ్లను కట్టుడు. నువ్వు ఉత్తరంల యోగక్షేమాలు అని రాస్తవు చూడు, దాని అర్థం ఎరికెనా? యోగమంటే కాడి కట్టి బయలెల్లుడు. క్షేమమంటే కాడి దించి ఒక జాగల ఉండుడు. మన పాత మనుషులు తిరిగేటోళ్లురా. పోవుడెట్ల, ఉండుడెట్ల అని అడుగుతున్నరన్నట్టు."

"మరి ఈ కాళ్లు పైకి, తల కిందికి?"

"ఆగు. తర్వాత ఉపనిషత్తుల కాలం వచ్చింది. అప్పటికి బండి లోపలికి వచ్చింది." ఆయన పిడికిళ్లు ఛాతీ ముందుకు వచ్చాయి, కొంచెం వెనక్కి లాగారు. "పెయ్యి, అంటే ఈ శరీరం, రథం. కండ్లు, చెవులు, ముక్కు గుర్రాలు. మనసు పగ్గం. ఆ గుర్రాలు ఎటుపడితే అటు ఉరకకుంట పట్టుకునుడే యోగమన్నరు. ఆ తర్వాత ఇంకొకరు కూసునేది సుత చెప్పిన్రు. రాళ్లు లేని జాగల, చప్పుడు లేనికాడ, నడుము నిలబెట్టి కూసో, ఊపిరి నెమ్మదిగ తియ్యి అని. ఆసనమంటే కూసునుడే. నీ తలకిందులు మస్తు ఎనకొచ్చింది. తప్పని అంటలేను. మంచిదే కావొచ్చు. కాని వేదంల లేదు."

"ఎక్కడన్నా ఒక్క ముక్క దొరకదా సారూ?"

"ఒక సూక్తంల పొడుగు వెంట్రుకల ముని ఉన్నడు, గాలి మీద పోతడు. గాయన యోగే అని కొందరంటరు. అననీ. నేను అనలేను. ఉన్నంతే."

అప్పుడు తెలిసింది నాకు, చిన్నప్పుడు మేము వెక్కిరించిన ఆ పిడికిళ్లలో ఏముందో. తెలిసి కూడా, నా బుర్ర ప్యాకెట్టు వెనకపక్క ఎన్ని అంగుళాలుందో లెక్క వేస్తోంది.

ఒక్క వాక్యం రాసివ్వమని అడిగాను. రాసివ్వడానికి ఆయనకు ఎనిమిది రోజులు పట్టింది. బల్ల మీదికి కూడా రాలేదు. తొమ్మిదో రోజు తెల్లకాగితం మీద, గీతలు కొట్టుకుని, రెండుసార్లు తిరగరాసిన వాక్యం తెచ్చి ఇచ్చారు. 'యోగమనే మాట వేదంలోనే ఉంది. అయితే అక్కడ దానికి కాడి కట్టడమని అర్థం, ఈనాటి ఆసనాలు అందులో లేవు.'

"చదువురా, మంచిగున్నదా?" అని అడిగారు. తొమ్మిదో తరగతిలో నా నోటుబుక్కు దిద్దిన మనిషి, నన్ను అడిగారు.

"బ్రహ్మాండం సారూ" అన్నాను.

'లేవు' అన్న మాటతో ముగిసే వాక్యం చదివి పసుపు ఎవరు కొంటారు? ప్రెస్సుకు పోయి, డీటీపీ చేసే ఆయన పక్కన కూర్చుని, 'ఉంది' దగ్గర ఆపించాను. 'అనే మాట' కూడా తీయించాను, జాగా కలిసొస్తుందని. మిగిలింది ఇది: 'యోగం వేదంలోనే ఉంది.' కింద సారు ఫొటో, పేరు, 'సంస్కృత పండితులు, ఆర్మూర్'. ముందుపక్క తలకిందులు మనిషి. నేను అబద్ధం రాయించలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క అక్షరం కలపలేదు కదా, కొన్ని తీశానంతే. తడిసిన కొమ్ములు కింద పోసి, ఎండినవి పైన పోసే చెయ్యికి ఇది పెద్ద పనేం కాదు.

ప్యాకెట్టు అమ్ముడైంది. నేను అనుకున్నదానికన్నా బాగా పోయింది.

రెండు నెలలకు నిజామాబాద్‌లో పండితుల సభ ఒకటి జరిగితే సారు మాట్లాడటానికి వెళ్లారు. తోడు వెళ్లిన తెలుగు టీచరు తర్వాత నాకు చెప్పాడు. సారు ఒక మాటకు పాత అర్థం చెప్తుండగా, ముందు వరసలోంచి ఒకాయన లేచి, జేబులోంచి మా ప్యాకెట్టు తీసి, "అయ్యా, శీర్షాసనం ఏ సూక్తంలో ఉందో సెలవిస్తే రాసుకుంటాం" అన్నాడట. సభ నవ్వింది. సారు ప్యాకెట్టు అడిగి తీసుకుని, ముందూ వెనకా చూసి, "ఈ మాట నాది కాదు" అని చెప్పబోయి, పేరు చూసి, ఫొటో చూసి, ఊరుకున్నారట. తిరుగు బస్సులో కండక్టర్ ఇచ్చిన టిక్కెట్టు చేతిలోనే నలిగిపోయిందట.

మరునాడు దుకాణానికి వచ్చారు. కూర్చోలేదు.

"మిగిలిన సగం ఏమైందిరా?"

"జాగా సరిపోలే సారూ."

"జాగా సరిపోకుంటే మొత్తం తీసేద్దువు. నా పేరు సుత తీసేద్దువు."

"సారూ, గీ లాటు అయిపోనీయండి. వచ్చే లాటుకు మొత్తం ఏపిస్త. మీ మీద ఒట్టు."

ఆయన తల ఊపారు. నమ్మారు. నేను ధర చెప్తే నమ్మినట్టే. వచ్చే లాటు వచ్చింది. అమ్ముడుపోతున్న ప్యాకెట్టును మార్చడానికి నాకు చేతులు రాలేదు. అట్లాగే వేయించాను.

తర్వాత సంగతి నాకు భీమ్‌గల్‌లో తెలిసింది. మా మేనత్త వంటింట్లో మా ప్యాకెట్టు కనపడింది. వెనకపక్క, సారు ఫొటో కింద, నల్లటి మార్కరుతో చీమల్లాంటి అక్షరాలు. 'అయితే అక్కడ దానికి కాడి కట్టడమని అర్థం...' మొత్తం వాక్యం. ప్లాస్టిక్ మీద జారినచోట మళ్లీ దిద్ది ఉంది.

"గీ రాత ఎవరిదత్తా?"

"గా రాతనా? దుకాణంల ఒక ముసలాయన కూసుండి రాస్తుండెరా. నా చేతిలకెల్లి తీసుకొని, రాసి, మళ్ల ఇచ్చిండు. నేను లక్కీ డ్రా నంబరేమో అనుకున్న."

కిరాణా దుకాణాలు తిరుగుతున్నారన్నమాట. పెర్కిట్, ఆలూరు, భీమ్‌గల్. కొనేవాళ్లను ఆపి, అడిగి, చెప్పులు విప్పి, రాస్తున్నారు. మా అత్త నవ్వుతూ చెప్పింది, నేనూ నవ్వాను.

ఆర్మూరుకు తిరిగొచ్చి ఆ దుకాణాలన్నిటికీ ఫోన్లు చేశాను. ఈ సంగతి రాయడానికి మనసొప్పకే ఇన్ని రోజులు ఆగాను. "మార్కరుతోని రాసి ప్యాకెట్లు ఖరాబ్ చేస్తే నేను వాపస్ తీసుకోను. జర చూసుకో అన్నా" అన్నాను. సారు పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు కదా. వాపస్ లేదంటే ఏ దుకాణదారు ఊరుకుంటాడు? ఆలూరులో ఒకతను ఆయన చేతిలోంచి ప్యాకెట్టు గుంజుకున్నాడని తర్వాత విన్నాను. "పెద్దమనిషివి, నీకేం పని సారూ" అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన తిరగడం మానేశారు.

ఆయన మా దుకాణానికి ఆఖరుసారి వచ్చింది చైత్రంలో. చేతిలో సంచి ఉంది, పుస్తకం లేదు. చెప్పులతోనే గడప దగ్గర నిలబడ్డారు.

"విడి పసుపు పావుకిలో ఎంత?"

చెప్పాను. ఎప్పటిలాగే మొదటిసారే సరైన ధర.

"ఎక్కువుంది. తగ్గించు."

నాకు అర్థం కాలేదు. "సారూ?"

"పక్క దుకాణంల తక్కువకే ఇస్తున్నడు. తగ్గించరాదు?"

పక్క దుకాణంలో తక్కువ లేదు. ఆయన అడగలేదు కూడా, నాకు తెలుసు. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన నాతో బేరం ఆడుతున్నారు. బేరం ఆడటం ఆయనకు చేతకాదు. కళ్లు కాంటా మీదికి పోయాయి. ముల్లును నిలబడి చూశారు, అది ఆగేదాకా. నేను తగ్గించాను. ఆయన తీసుకుని వెళ్లిపోయారు. నా జీవితంలో అంత సిగ్గుపడి సరుకు ఎప్పుడూ అమ్మలేదు. సిగ్గుపడి ఏం చేశాను? మధ్యాహ్నం ఇంకో లారీ లోడు చేయించాను.

ఇక ఆయన నిజామాబాద్ దవాఖానలో పోవడం, నాకు ఫోన్ రావడం.

పదో రోజు తర్వాత స్కూలు గ్రౌండులో సంతాప సభ పెట్టారు పాత విద్యార్థులు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. ఆయన ఫొటో, మా ప్యాకెట్టు మీదిదే, ఇంకో ఫొటో ఎవరి దగ్గరా లేదట. దాని కింద అంత పెద్ద అక్షరాలతో, 'యోగం వేదంలోనే ఉంది.' దుబాయ్ మాస్టరు పిల్లల చేత ఆసనాలు వేయించాడు. ఒక్కొక్కరూ మైకు ముందుకు వచ్చి, సారు తన జీవితమంతా ఈ ఒక్క సత్యం కోసం పాటుపడ్డారని చెప్పారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో సారు భార్య కూర్చుని ఉన్నారు. ఆమె ఫ్లెక్సీ వంక చూడటం లేదు. పిల్లల వంక చూస్తున్నారు.

నన్ను పిలిచారు. మైకు పట్టుకున్నాను. నాలుగు మంచి మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను, అవి రాలేదు.

"ఆ ఎనక రాసింది సారు మాట కాదు" అన్నాను. "సగం కోసింది నేను. నా ప్యాకెట్లు అమ్ముడుపోవాలని కోసిన. సారు రాసింది వేరే ఉంది." మొత్తం వాక్యం చెప్పాను. 'లేవు' దాకా చెప్పాను. మార్కరు సంగతి, ఫోన్ల సంగతి కూడా చెప్పాను.

వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ కొట్టారు. పక్కన నిలబడ్డ నిర్వాహకుడు నా చేతిలోంచి మైకు తీసుకుని, "చూసిన్రా, గురువు మీద గౌరవంతోని మన సేటు తప్పంత తన మీదేసుకుంటుండు. గిసుంటి శిష్యులు ఇయ్యాల రేపు ఎక్కడున్నరు?" అన్నాడు. ఇంకోసారి చప్పట్లు. నాకు శాలువా కప్పారు.

శాలువాతోనే దిగి ఆమె దగ్గరికి వెళ్లి, కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"అమ్మా, మొత్తం చెప్పిన. ఎవ్వరు నమ్ముతలేరు."

"ఇన్న బిడ్డా. నాకు ముందుగాల్నే ఎరికే." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇంట్ల మస్తు దినాలు ఆ కాగితమే ముందటేసుకొని కూసుండె. పోనియ్ రాదయ్యా, గా పిలగాడు చేసినదానికి నువ్వేం జేస్తవ్ అంటి."

"ఏమన్నరమ్మా?"

"వాన్ని ఏమనకే అన్నడు. 'తప్పు నాదే, మధ్యల ఆగే తావు నేనే ఇచ్చిన, కోయరాకుంట రాయకపోతిని' అన్నడు. రాత్రి పండేదాక గదే, పొద్దున లేస్తే గదే. ఇంకో తీరుగ రాసేటోడు, కొట్టేసేటోడు. దవాఖానకు పోయేనాడు సుత రాసిండు బిడ్డా."